పరిశ్రమ రహస్యములు: శిక్ష యెవరికి?

చోడవరము చుట్టుపట్ల చెరకు నరకుట మొదలైన నాటినుండి పొలములలో బెల్లపు పొయ్యిలు రాజుకొనును. గానుగనుండి జారిన రసము పెనములో పడి, సున్నము తగిలి, మడ్డి తేలి, క్రమముగా చిక్కబడి పాకమునకు వచ్చును. ఆ పాకమును ఏ క్షణమున దింపవలయునో చెప్పగలవారు ఊరికి ఇద్దరో ముగ్గురో యుందురు. గరిటెడు పాకమును చన్నీటిలో విడిచి, వ్రేళ్లతో నొక్కి చూచి, "ఇక దింపుడు" అని అట్టివాడు చెప్పినచో పెనము దిగవలసినదే. తొందరపడినచో బెల్లము గట్టిపడదు. ఆలస్యమైనచో మాడి రంగు చెడును. ఈ యేడు ఒక రైతు పొయ్యికడ పనిచేసినవాడు వచ్చు నేటికి, నాలుగు రూపాయలు కూలి యెక్కువ వచ్చునన్నచో, మరియొక రైతుకడకు పోవచ్చును. అతడు తన విద్యను వెంట గొనిపోయెనని యెవరును ఠాణాకు పోరు. అది యతని చేతిలోని విద్య. అతని పిల్లలకు అన్నము పెట్టునది.

కాని యదే యూరిలో ఒక బెల్లపు వర్తకుని గుమాస్తా, ఏ కొనుగోలుదారుడు ఏ ధరకు ఎంత సరకు తీసికొనుచున్నాడో ఖాతాపుస్తకమునుండి రాత్రివేళ నకలు వ్రాసికొని, పోటీవర్తకునకు అమ్ముకొన్నాడనుకొందము. దానిని విద్య యని యెవ్వరును అనరు. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేసినాడనియే యందురు. ఈ రెంటికి నడుమనున్న భేదము చదువురాని రైతుకును తెలియును. శాసనమునకు మాత్ర మది యింకను స్పష్టముగా తెలియలేదు. నేటి మా వ్యాసమునకు విషయ మిదియే.

పరిశ్రమల మెలకువలను, వర్తకపు రహస్యములను బయటివారికి అందజేయువారిని కఠినముగా శిక్షింపవలయునను కోరిక నేడు లోకమంతట బలపడుచున్నది. మన దేశమునను 2024 మార్చి 5వ తేదీన భారత లా కమిషనువారు వర్తక రహస్యములను గూర్చియు, ఆర్థిక గూఢచర్యమును గూర్చియు తమ 289వ నివేదికను ప్రభుత్వమునకు సమర్పించిరి. ప్రత్యేక చట్ట మవసరమని చెప్పి యొక బిల్లు ముసాయిదాను గూడ జతపరచిరి. ఇది ఢిల్లీ న్యాయవాదులకును, బొంబాయి కంపెనీలకును మాత్రమే చెందిన సంగతి యని మన ప్రాంతపు రైతు తలంచుట సహజము. కాని యది పొరపాటు. విశాఖపట్టణము జిల్లానుండి విడివడి 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో నేడు చోడవర మున్నది. ఆ జిల్లాలోనే పరవాడ మందుల కర్మాగారములు, అచ్యుతాపురము యంత్రశాలలు గలవు. మన రైతుల బిడ్డలు రసాయనశాస్త్రము చదివి ఆ కర్మాగారములలో కొలువులకు చేరుచున్నారు. ఇక రైతు తన పొలమున చల్లు సంకర విత్తనములో నొక కంపెనీ గుట్టు దాగియున్నది. కావున రేపు శాసనసభలవారు చేయు చట్టము మన గడపలోనికి రాక తప్పదు.

రహస్యమన నేమి?

మొట్టమొదట రహస్యమన నేమో తెలిసికొనవలయును. 1995లో అమలునకు వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థవారి ఒడంబడికలో 39వ అధికరణము దీనికి మూడు గుర్తులు చెప్పినది. ఆ సమాచార మావృత్తిలోని వారికి సాధారణముగా తెలిసినది కాకూడదు. గుట్టుగా నుండుటచేతనే దానికి వర్తకపు విలువ కలిగి యుండవలయును. దానిని గుట్టుగా నుంచుటకు యజమాని తగిన జాగ్రత్త తీసికొని యుండవలయును. ఈ మూడును కలిసినప్పుడే యది వర్తక రహస్యము. తలుపులు బార్లా తెరచియుంచి, దారినపోవువా డెల్ల చూచిపోయిన పిదప "నా రహస్యము పోయిన"దని మొరపెట్టుకొనువానికి న్యాయము దొరకదు, దొరకగూడదు.

పేటెంటునకును దీనికిని గల భేదమును గుర్తింపవలయును. పేటెంటు పొందువాడు తన కనుగొన్న విధానమును లోకమునకు వెల్లడిచేసి, దానికి బదులుగా 20 సంవత్సరముల గుత్తహక్కు పొందును. ఆపైన ఆ విద్య అందరి సొత్తు. రహస్య మట్లు కాదు. దాచగలిగినంతకాలము నూరేండ్లైనను అది యజమానిదే. బయటపడిన మరుక్షణము ఎవరిదియు కాదు. ఒక మందు తయారగుటలో ఏ రసాయనమును ముందు కలుపవలయును, ఎంత వేడిమిపై ఎంతసేపు ఉంచవలయును, ఎట్లు వడకట్టినచో నూటికి రెండుపాళ్లు ఎక్కువ సరకు దిగును అనునట్టివి పేటెంటు కాగితములకు ఎక్కవు. కర్మాగారపు చిట్టాలలోను, పనివారి అనుభవములోను ఉండును. ఆ రెండుపాళ్లలోనే ఒక్కొక్కప్పుడు కర్మాగారపు లాభమంతయు ఇమిడియుండును.

రహస్యమునకు గల బలమెంతటిదో మన దేశము 1977లో కన్నులార చూచినది. నాటి జనతా ప్రభుత్వమువారు కోకాకోలా కంపెనీని భారతీయులకు వాటా విస్తరింపుమనియు, పానీయపు మర్మమును ఈ దేశపు సంస్థకు అప్పగింపుమనియు కోరిరి. ఆ కంపెనీ తన వ్యాపారమునంతను వదలుకొని వెడలిపోయినదే గాని మర్మమును విడువలేదు. మరల 1993లో గాని రాలేదు. చక్కెరనీటి పాకమునకే యింత పట్టుదల యున్నప్పుడు మందులకును, యంత్రములకును, విత్తనములకును సంబంధించిన గుట్టుల విలువ వేరుగ చెప్పవలెనా?

పోయిన ఆవును వెదకి తోలుకొని రావచ్చును. పోయిన సొమ్మును రాబట్టవచ్చును. పోయిన రహస్యము తిరిగిరాదు. ఒక్కసారి పదిమందికి తెలిసినదానిని మరల ఎవ్వరికిని తెలియకుండ చేయగల న్యాయాధిపతి యీ భూమిపై లేడు. శిక్షలు గట్టిగా నుండవలయునని వాదించువారి పక్షమున నున్న బలమైన కారణ మిది. దీనిని మేము పూర్తిగా అంగీకరింతుము.

మన శాసనముల స్థితి

ఇక మనకున్న శాసనములెట్టివి? చిత్రమేమనగా, ఇంతటి విలువగల సొత్తును రక్షించుటకు మన దేశమున ప్రత్యేక శాసనము లేదని లా కమిషనువారే చెప్పిరి. 2008లో నూతన కల్పనల కొరకు సిద్ధపరచిన ముసాయిదాలో రహస్యములను గూర్చి కొన్ని నిబంధనలు చేర్చబడినను, అది శాసనము కాలేదు. కావున న్యాయస్థానములు అచ్చటచ్చటినుండి ముక్కలు తెచ్చి అతుకు వేయుచు వచ్చినవి.

1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 27వ సెక్షను, ఎవనినైనను న్యాయమైన వృత్తిని చేసికొననీయక అడ్డగించు ఒడంబడిక చెల్లదని చెప్పుచున్నది. ఈ సెక్షను పేదవాని పాలిటి కోట. దీనిని ఆధారము చేసికొని సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన తీర్పులిచ్చినది. 1967లో సెంచురీ మిల్లు వ్యాజ్యమున, హాలండుదేశపు కంపెనీనుండి తెచ్చిన టైరునూలు తయారీ విధానమున శిక్షణపొందిన యుద్యోగి, అయిదేండ్ల గడువు ముగియకుండగనే పోటీకంపెనీలో చేరబోగా, ఆ గడువు తీరువరకు చేరరాదని కోర్టువారు నిర్ణయించిరి. 1980లో మరియొక వ్యాజ్యమున, కొలువు వీడిన పిదపకూడ అదే వృత్తి చేయరాదను షరతు చెల్లదని తేల్చిరి. కొలువులో నున్నంతకాలము విశ్వాసము కట్టుబాటు. కొలువు విడిచిన పిదప చేతివిద్య స్వేచ్ఛ. మన పాకముపట్టువాని న్యాయమే యిది.

1987లో ఢిల్లీ హైకోర్టునకు వచ్చిన వ్యాజ్యము రైతులకు మిక్కిలి సమీపమైనది. జాన్ రిచర్డ్ బ్రాడీ యను నతడు పశువులకు పచ్చిమేతను యంత్రముననే పెంచు విధానమును కల్పించి, దానికి కావలసిన పలకలు చేయింపగోరి ఒక కంపెనీకి పటములు చూపెను. ఆ కంపెనీ తానే యట్టి యంత్రమును తయారుచేసి అమ్మజూచెను. నమ్మి చూపిన పటములను వాడుకొనుట నమ్మకద్రోహమని హైకోర్టు నిషేధాజ్ఞ యిచ్చెను. ఒడంబడిక పత్రములో ప్రతి యక్షరము లేకపోయినను, నమ్మకము అనునది న్యాయదృష్టిలో నొక బంధమని యా తీర్పువలన తేలినది.

శిక్షల విషయమునకు వచ్చినచో, కంప్యూటరులోనుండి అనుమతిలేక సమాచారమును కాజేయువానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున మూడేండ్ల వరకు ఖైదు, అయిదులక్షల రూపాయల వరకు జుర్మానా విధింపవచ్చును. 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో నమ్మి అప్పగించిన సొత్తును అపహరించువానికి అయిదేండ్లు, గుమాస్తాయో నౌకరో యట్లు చేసినచో ఏడేండ్లవరకు ఖైదు గలదు. 1860 నాటి పాత స్మృతిలో చరాస్తియనగా చేతితో తాకదగిన వస్తువని యర్థము. క్రొత్త సంహితలో ఆ పరిమితి తొలగింపబడినది. కాని తలలోని మాటయు, కాగితముపై నంకెయు "సొత్తు" అగునా కాదా యనునది స్పష్టముగా వ్రాసిన వాక్య మొక్కటియు లేదు. అస్పష్టమైన చట్టము బలవంతునకు ఆయుధము, బలహీనునకు ఉచ్చు. న్యాయవాదులకు ఫీజు యిచ్చుకోగలవాడు ఈ సెక్షనులలో నుండి తప్పించుకొనును. నెలజీతగాడు వానిలో చిక్కును.

విత్తనములోని గుట్టు

ఈ చిక్కు పట్టణములకే పరిమితమైనది కాదనుటకు విత్తనపు సంగతియే సాక్ష్యము. హైదరాబాదు నేడు విత్తన వ్యాపారమునకు కేంద్రము. గద్వాల ప్రాంతమున ప్రత్తి విత్తనమును, కరీంనగరు ప్రాంతమున సంకరవరి విత్తనమును రైతులే కంపెనీల తరఫున పండించుచున్నారు. ఆడవరుసలు, మగవరుసలు వేరువేరుగా నాటి, రెంటిని కలిపి సంకర విత్తనమును తీయుదురు. ఆ తల్లిదండ్రుల విత్తనములే కంపెనీ యొక్క అసలు రహస్యము. ఆ గుట్టు యినుపపెట్టెలో లేదు. రైతు చేనిలో, ఎండలో, గాలిలో, కంచెకు ఈవల నున్నది.

అమెరికాలో 2011వ సంవత్సరమున అయోవా రాష్ట్రపు మొక్కజొన్న చేనిలో ఒకడు మోకాళ్లపై కూర్చుండి మట్టి త్రవ్వుచుండగా కావలివారు చూచిరి. అతడు చైనాదేశపు విత్తన వ్యాపారమునకు సంబంధించినవాడు. ఒక గొప్ప కంపెనీ నాటిన మూలవిత్తనమును ఏరుకొనిపోవుటకు వచ్చినాడు. అయిదేండ్ల పరిశోధన, విచారణల పిదప 2016లో అతనికి మూడేండ్ల ఖైదు పడినది. పిడికెడు మొక్కజొన్నలకు మూడేండ్లా యని మనవా రాశ్చర్యపడవచ్చును. ఆ పిడికెడు వెనుక ఎన్నో యేండ్ల పరిశోధన, లెక్కకుమించిన ధనము ఉన్నవని ఎరిగినవా రాశ్చర్యపడరు.

మన దేశమున 2011లోనే ఢిల్లీ హైకోర్టు ఎదుటికి ప్రత్తి విత్తనపు వ్యాజ్య మొకటి వచ్చినది. సంకర విత్తనములోని జన్యుక్రమమునకు గ్రంథమునకువలె స్వామ్యము కలదనియు, అది తమ రహస్యమనియు ఎమర్జెంట్ జెనెటిక్స్ కంపెనీ వాదింపగా కోర్టు అంగీకరింపలేదు. విత్తనమును రక్షించుటకు 2001 నాటి మొక్కల రకముల మరియు రైతుహక్కుల చట్టము వేరుగా గలదు. ఆ చట్టపు 39వ సెక్షను, రైతు తన పంటలోని విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, కంపెనీ ముద్ర వేయకుండ అమ్ముటకు హక్కు ఇచ్చినది. ఇట్టి సెక్షను ఉండగనే 2019లో గుజరాతు రైతులు నలుగురిపై బంగాళాదుంప రకమును గూర్చి పెప్సీకంపెనీవారు వ్యాజ్యము వేసి, ఒక్కొక్కరినుండి కోటిరూపాయలకు పైగా నష్టపరిహారము కోరిరి. దేశమంతట కలవరము చెలరేగగా ఆ యేడు మే నెలలో వ్యాజ్యమును ఉపసంహరించుకొనిరి. ఆ రకముపై కంపెనీకున్న రిజిస్ట్రేషనును 2021లో అధికారులు రద్దుచేయగా, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము ఆ రద్దును త్రోసివేసినది. కావున కథ ఇరువైపులను గెలిచి ఓడినట్లున్నది.

మా పాఠకులలో భూములున్న వారు ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచింపవలయును. అయోవాలో దొంగ మోకాళ్లపై నుండెను. గుజరాతులో రైతు తన చేనిలోనే నిలుచుండి యుండెను. రేపు మన చట్టము రెంటిని ఒక్క గాటకట్టినచో, ఆంగ్లమున వ్రాసిన ఒడంబడికపై చదువక సంతకముచేసిన రైతు, మిగిలిన గింజలను ఇంటికి తెచ్చుకొన్నందుకు నేరగాడు కావలసివచ్చును.

చరిత్ర చెప్పు నీతి

రహస్యములు పోగొట్టుకొనుట మనకు క్రొత్తగాదు. కోరమండలపు రేవులనుండి పోయిన అద్దకపు గుడ్డలు ఒకప్పుడు ఐరోపాను మోహపెట్టినవి. చిరివేరుతో ఎరుపు వేయుట, ఉతికినను ఆ రంగు చెడకుండ నిలుపుట మన పనివారు తండ్రినుండి కొడుకునకు నేర్పుకొన్న విద్య. ఎన్ని యంత్రములున్నను అప్పటి ఐరోపావారికి అది పట్టుపడలేదు. 1742లో గాస్తోన్ కేర్దూ అను ఫ్రెంచి పాదిరి, తెలుగును సైతము నేర్చిన పండితుడు, తన మతములో చేరిన అద్దకపువారినడిగి ఆ విధానమునంతను వరుసగా వ్రాసి స్వదేశమునకు పంపెను. అతని నడిగినచో విద్యాభిరుచి యనియే చెప్పియుండును. ఆ పనివారు నమ్మి చెప్పిరి. వారికి దానివలన దమ్మిడీ రాలేదు. తరువాతి తరములలో ఐరోపా అద్దకపు మిల్లులు లేచినవి. మన అద్దకము క్షీణించినది. ఆ క్షీణతకు కారణము లనేకములున్నను, వానిలో నిదియొకటి. నాడు మన పనివానిని రక్షించు చట్టము లేదు, అడుగు ప్రభుత్వము లేదు.

దీనిని జూచి "కఠినశిక్ష యున్నచో ఈ నష్టము రాకుండెడిది" అని త్వరపడి తీర్మానింపరాదు. ఇంగ్లండు కథ వినుడు. తమ నూలుయంత్రముల విద్య దేశము దాటకుండుటకు ఆంగ్లేయులు కఠినమైన చట్టములు చేసికొనిరి. పనివారిని పరదేశములకు మరలించుట 1719 నుండియు, నేతయంత్రములను ఎగుమతి చేయుట 1774 నుండియు నిషిద్ధము. అయినను 1789లో శామ్యూల్ స్లేటరు అను యువకుడు, ఒక్క పటమైనను వెంటగొనక, యంత్రముల యమరిక యంతయు తలలో నుంచుకొని ఓడ యెక్కెను. మరుసటి యేడు అమెరికాలోని పాటకెట్టులో అట్టి యంత్రములను నిలిపెను. తనిఖీచేసిన యధికారులకు అతని సంచిలో ఏమి దొరకును? పనివారిపై నిషేధమును 1824లోను, యంత్రములపై నిషేధమును 1843లోను ఆంగ్లేయులే తీసివేసికొనిరి. సంచిలోని కాగితమును చట్టము పట్టుకొనగలదు; తలలోని విద్యను పట్టుకొనలేదు.

మరియొక సంగతి. మన దేశమున నేడు మందుల పరిశ్రమ ఈ యెత్తునకు వచ్చినదనిన 1970 నాటి పేటెంటు చట్టమే కారణము. అది మందునకు గాక, మందుచేయు విధానమునకు మాత్రమే పేటెంటు ఇచ్చినది. 2005 వరకు మన రసాయనజ్ఞులు ఇతరులు చేసిన మందును విప్పిచూచి, వేరుమార్గమున తయారుచేసి, పేదలకు అగ్గువగా అందించిరి. అది దొంగతనము కాదు; బుద్ధిబలము. అంగడిలో కొన్న సరకును విప్పిచూచి నేర్చుకొనుట ఏ చట్టమునను నేరము కారాదు. అట్లు చేసినచో మనము ఎక్కివచ్చిన నిచ్చెనను మన చేతులతోనే త్రోసివేసిన వారమగుదుము.

కఠిన శిక్షలోని అపాయము

అన్యదేశములు ఎట్లు చేయుచున్నవి? అమెరికాలో 1996 నాటి చట్టము, పరప్రభుత్వ లాభమునకై రహస్యము దొంగిలించినవానికి 15 ఏండ్లవరకు, ఇతరులకు 10 ఏండ్లవరకు ఖైదు విధించినది. దక్షిణ కొరియావారు దేశమునకు ప్రాణప్రదమైన యంత్రవిద్యను బయటికి పంపువారిపై జుర్మానాను 2025లో 150 కోట్ల వన్నులనుండి 650 కోట్ల వన్నులకు పెంచిరి. శిక్షల యంకెలు పెరుగుచున్నవి. కాని శిక్ష అందరిపై సమానముగా పడుచున్నదా? తానంతట నడచు బండ్ల రహస్యపు కాగితమును ఒక గొప్ప కంపెనీనుండి తీసికొనిపోయినందుకు అమెరికాలో పేరుగాంచిన ఇంజనీరు ఆంథొనీ లెవాండౌస్కీకి 2020 ఆగష్టులో 18 నెలల ఖైదు పడినది. 2021 జనవరిలో, పదవి వీడుచున్న అధ్యక్షుడు అతనికి క్షమాభిక్ష పెట్టెను. పలుకుబడి గలవానికి క్షమాభిక్ష; లేనివానికి ఖైదు. ఇది శిక్షను పెంచినంతమాత్రమున తీరు జబ్బు కాదు.

మన దేశమునందలి ఉదాహరణము ఇంతకంటె బాధాకరమైనది. 1994లో క్రయోజెనిక్ ఇంజను విద్యను పరదేశములకు అమ్మినాడని శాస్త్రజ్ఞుడు నంబి నారాయణను కేరళ పోలీసులు నిర్బంధించిరి. 1996లో సి.బి.ఐ.వారు ఆ యభియోగము నిజము కాదని కోర్టునకు నివేదించిరి. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 14వ తేదీన అతనికి 50 లక్షల రూపాయల పరిహార మిమ్మని ఆజ్ఞాపించెను. 1994కును 2018కిని నడుమ 24 సంవత్సరములు. దేశద్రోహి యను పేరు మోసిన మనిషికి ఆ యేండ్లను ఎవరు తిరిగి ఇత్తురు? "రహస్యము పోయిన"దను ఆరోపణ చేయుట తేలిక. పోలేదని రుజువుచేయుట కష్టము. శిక్ష ఎంత పెరిగినచో తప్పుడు ఆరోపణ యొక్క గాయము నంత లోతగును.

ఇంకొక అపాయము మన ముంగిట నున్నది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమునకు చేరువనున్న ఆర్.ఆర్.వెంకటాపురమున ఎల్.జి.పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ విషవాయువు వెలువడి 12 మంది మరణించిరి. నిదురలో ఉన్న జనులు లేచి పరుగెత్తి దారులలో పడిపోయిరి. దానికి పూర్వము 1984లో భోపాలు. ఆ దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, కర్మాగారములోని అపాయములను పనివారికిని, చుట్టుపట్ల ప్రజలకును యజమాని తెలియజేయవలయునని నిర్దేశించిరి. ఎందుకు? ప్రక్క గోడవెనుక నేమి మరుగుచున్నదో తెలిసికొను హక్కు గోడకు ఈవల నిదురించువానికి గలదు కనుక. ఇప్పుడు రహస్యమను పేరుతో కఠినశిక్షలు వచ్చినచో, "ఈ తొట్టి బీటలు వారినది, ఈ కాలువలో విషము వదలుచున్నారు" అని తన యూరివారికి చెప్పు యువకుని గతియేమి? తన యూరిని కాపాడజూచినందుకు ఖైదు పడునా? లా కమిషనువారి ముసాయిదాలో అక్రమమును బయటపెట్టువారికిని, ప్రజాహితమునకును మినహాయింపు లుండుట మెచ్చదగినది. చర్చలో ఎవరేమన్నను ఆ మినహాయింపులను ముట్టరాదు.

మేము కోరునది

వర్తక రహస్యములకు ప్రత్యేక చట్టము వెంటనే కావలయును. అది కఠినముగానే ఉండవలయును. కాని ఆ కాఠిన్యము ఎవరిపై బడవలయునో స్పష్టముగ చెప్పవలయును. మా యభిప్రాయములను క్రమముగ విన్నవింతుము.

మొదటిది: చట్టము శిక్షకంటె ముందు నిర్వచనము చేయవలయును. రహస్యమేదియో, చేతివిద్య యేదియో వేరుపరచవలయును. పది యేండ్లు పనిచేసి నేర్చిన నేర్పు పనివానిది. దానిపై ఎవరికిని హక్కులేదు. నకలుతీసిన పటము, కాజేసిన చిట్టా, కొల్లగొట్టిన మూలవిత్తనము యజమానివి. 27వ సెక్షను చెక్కుచెదరకుండ ఉండవలయును.

రెండవది: శిక్షలో మెట్లు ఉండవలయును. పొరపాటున నోరుజారినవానికి ఖైదు వలదు. ఉద్యోగము పోవుట, పరిహార మిచ్చుకొనుట చాలును. లంచము తిని అమ్మినవానికి ఖైదు. పరప్రభుత్వము తరఫున దొంగిలించువానికి గట్టి ఖైదు. లా కమిషనువారు ఆర్థిక గూఢచర్యమును వర్తక రహస్యములనుండి విడదీసి వేరు చట్టము చేయుమనుట ఈ కారణముచేతనే సబబు.

మూడవది: కొన్నవానిని వదలరాదు. దొంగసొమ్ము కొనువాడు లేనిదే దొంగ లేడు. గుమాస్తాను జైలునకు పంపి, ఆ గుట్టును కొని లాభము గడించిన కంపెనీ పెద్దలను కుర్చీలలో ఉంచు చట్టము న్యాయమనిపించుకొనదు. దొంగిలించిన గుట్టువలన వచ్చిన లాభమునంతను కక్కింపవలయును.

నాలుగవది: త్వరిత న్యాయము. రహస్యము విషయమున ఆరునెలల తరువాత వచ్చు నిషేధాజ్ఞ, ఇల్లు కాలిన పిదప త్రవ్విన బావివంటిది. వాణిజ్య న్యాయస్థానములు రోజులలో ఆజ్ఞ లీయవలయును. విచారణ మూసిన తలుపులలో జరుగవలయును. లేనిచో రహస్యమును కాపాడుమని కోర్టు కెక్కినవాని రహస్యము కోర్టులోనే బయటపడును.

అయిదవది: రైతును నేరగానిగా చేయరాదు. విత్తనపు ఒడంబడికలు రైతు భాషయందు వ్రాయబడవలయును; చదివి వినిపింపబడవలయును. 39వ సెక్షను ఇచ్చిన హక్కును ఏ రహస్యచట్టమును తగ్గింపరాదు. తెలిసి, డబ్బుకు ఆశపడి మూలవిత్తనమును అమ్మినవాడు వేరు. మిగిలిన గింజలను కొట్టములో దాచుకొన్నవాడు వేరు.

ఆరవది: ప్రాణాపాయమును తెలుపువానికి పూర్తి రక్షణ, తెలిసి తప్పుడు ఫిర్యాదు చేసినవాడు, సంస్థయైనను అధికారియైనను, పరిహార మీయవలయును. 24 ఏండ్లు ఎదురుచూడవలసిన గతి మరియొకనికి పట్టరాదు.

ఇంతయు చెప్పి ఒక మాట యజమానులకును చెప్పకున్న మా బాధ్యత తీరదు. స్లేటరును ఆంగ్లేయుల చట్టము ఆపలేకపోయినది. అమెరికాలో యంత్రవిద్య నెరిగినవారికి ఇత్తుమన్న బహుమానములను గూర్చి పత్రికలలో చదివియే అతడు ఓడ యెక్కెనందురు. పనివాని జీతమును కుదించి, గౌరవమును తగ్గించి, ఆపైన అతని నోటికి శాసనపు తాళము వేయుదమనువాడు ఆ తాళముపై ఎక్కువకాలము ఆధారపడజాలడు. మన పల్లెలలో పాకముపట్టువానికి కూలితోపాటు మొదటి అచ్చుబెల్లము ఇచ్చు పెద్దమనిషి యింటినుండి ఆ పనివాడు తేలికగా పోడు. పెద్ద కర్మాగారములకును వర్తించు నీతి యిది.

చట్టము వచ్చునప్పుడు ఆ పాకముపట్టువానిని, పరవాడలోని పనివానిని, గద్వాల విత్తనరైతును కన్నుల యెదుట నుంచుకొని దాని ప్రతి వాక్యమును చదువవలసిన భారము మన శాసనసభ్యులది. చదివించు భారము మన యందరిది. దొంగను పట్టుటకు వల కావలసినదే. ఆ వల కన్నులను చేతివిద్యగలవాడు చిక్కకుండునట్లు అల్లవలయును.